సిసీలియా రాసిన ఆ వాక్యం

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి ఖగోళశాస్త్ర గ్రంథంలోనైనా నా చూపు ముందు వాక్యం మీదే పడుతుంది. సిసీలియా పేన్ 1925 నాటి సిద్ధాంత గ్రంథంలో అలాంటి వాక్యం ఒకటుంది.

ఆడవాళ్ళకి కేంబ్రిడ్జి డిగ్రీలివ్వని రోజులు. చదువు ముగించి 1923లో ఆమె హార్వర్డ్ అబ్జర్వేటరీకి వెళ్ళింది. అక్కడ గాజు పలకల మీద నక్షత్రాల వర్ణపటాలు. వాటిని ఏళ్ళ తరబడి కూర్చుని వర్గీకరించింది ఆనీ జంప్ కానన్ వంటి స్త్రీలే. మన మేఘనాద్ సాహా 1920లో ఇచ్చిన అయనీకరణ సమీకరణాన్ని పేన్ వాటికి అన్వయించింది. నక్షత్రాల్లోనూ మూలకాలు భూమ్మీది పాళ్ళలోనే ఉంటాయని పెద్దలు నమ్ముతున్న కాలమది. ఆమె లెక్కలో హైడ్రోజన్ లోహాలకంటే సుమారు పది లక్షల రెట్లు తేలింది.

అసాధ్యమన్నాడు హెన్రీ నోరిస్ రస్సెల్. ఆ రంగంలో ఆయన మాటకి తిరుగులేదు. ఈ ఫలితం దాదాపు ఖాయంగా నిజం కాదని ఆమె తన గ్రంథంలోనే రాసింది. అంకెల్ని మాత్రం తీసెయ్యలేదు. దాన్ని వినయమనడానికి నాకు మనసొప్పదు. పెద్దల కోసం ఒక వాక్యం, తనకోసం ఒక పట్టిక - ఈ విద్య మనకి తెలియనిదా?

1929లో రస్సెల్ మరో దారిన అదే నిర్ణయానికొచ్చాడు. ఆమె పనిని ప్రస్తావించాడు కూడా. ఘనత మాత్రం చాలాకాలం ఆయనకే దక్కింది. హార్వర్డ్‌లో పేన్ చెప్పిన పాఠాలు 1945 దాకా కోర్సుల జాబితాకెక్కలేదు. ప్రొఫెసర్ పదవి 1956లో వచ్చింది.