ఒక ఉపోద్ఘాతం వెనుక కథ

'సోషల్ వర్క్/మాట్స్‌కాప్లికే వెర్క్' అనే పత్రిక దక్షిణాఫ్రికాలోని స్టెలెన్‌బాష్ నుంచి 1965లో మొదలయింది. పేరులోని రెండో సగం ఆఫ్రికాన్స్ భాషలో మొదటి సగానికి అనువాదం. దానికి పంపడానికి సోషల్ వర్క్ విద్యపై ఒక పరిశోధనా వ్యాసం సిద్ధం చేస్తున్నాను. (సంఘసేవ అంటే దానధర్మాలు స్ఫురిస్తాయి, 'సమాజ కార్యం' అంటే పెళ్ళో పేరంటమో అనుకుంటారు. కనుక సోషల్ వర్క్ అనే అంటాను.)

ఇలాంటి వ్యాసాల ఉపోద్ఘాతానికి అరిగిపోయిన బాట ఒకటుంది. 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్ నెలకొల్పిన హల్ హౌస్‌తో ఎత్తుకోవాలి, 1917 నాటి మేరీ రిచ్మండ్ 'సోషల్ డయాగ్నోసిస్' మీదుగా రావాలి, ఆపైన ఈ విద్య ఆఫ్రికా, ఆసియాలకు వ్యాపించిందని ఒక్క వాక్యంలో సముద్రం దాటేయాలి. ఆఫ్రికా పత్రికకు రాస్తూ ఆఫ్రికాకు ఒక్క వాక్యమేనా అనిపించింది. అక్కడి మూలాలనుంచే మొదలుపెడదామని చదవసాగాను.

చదివినకొద్దీ తేలిందేమంటే, ఆ మూలాలూ స్వచ్ఛమైనవి కావు.

న్యూయార్కులోని కార్నెగీ కార్పొరేషన్ ధనసహాయంతో 1929-32 మధ్య దక్షిణాఫ్రికాలో పేద శ్వేతజాతీయులపై పెద్ద సర్వే జరిగింది. నివేదిక 1932లో ఐదు సంపుటాలుగా స్టెలెన్‌బాష్‌లోనే అచ్చయింది. సుమారు 18 లక్షల తెల్లవారిలో 3 లక్షలమంది కటిక పేదలని దాని అంచనా. ఆర్థిక, మానసిక, విద్య, ఆరోగ్య, సామాజిక విషయాలకు తలా ఒక సంపుటం. పేద కుటుంబంలో తల్లీకూతుళ్ళ స్థితిపై ఎం. ఇ. రాత్మన్ అనే రచయిత్రి రాసిన భాగం కూడా అందులో ఉంది. పనిగా చూస్తే శ్రద్ధగా చేసిన పనే. కాని దేశంలో అత్యధిక సంఖ్యాకులైన నల్లవారి పేదరికం ఆ విచారణకు విషయమే కాదు. వారు చాలావరకు తెల్లకూలీకి పోటీదారులుగానే కనిపిస్తారు.

శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు కావాలన్న వాదానికి ఈ నివేదిక బలమిచ్చింది. 1934లో కింబర్లీలో పేద శ్వేతజాతీయులపై జరిగిన మహాసభ దాన్ని అందిపుచ్చుకుంది. 1937లో ప్రభుత్వ సంక్షేమశాఖ ఏర్పడింది. ఆ ఏళ్ళలో స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ, సోషల్ వర్క్ ఆచార్యుడు హెండ్రిక్ వెర్వూర్డ్, 1958లో ప్రధాని అయిన అదే వెర్వూర్డ్. వర్ణవివక్షకు సోషల్ వర్కే కారణమనడం లేదు, అది అతిశయోక్తి అవుతుంది. అయితే ఇంటింటి విచారణ, కేసు ఫైలు, కుటుంబ సర్వే వంటి పనిముట్లు తమంతట తాము న్యాయాన్ని తెచ్చిపెట్టవన్నది మాత్రం ఈ ఒక్క జీవితం చాలు చూపించడానికి.

ఈ కథకు మరో పాయ ఉంది. 1941లో జొహానెస్‌బర్గ్‌లో నల్లజాతి సోషల్ వర్కర్ల శిక్షణ కోసం యాన్ హాఫ్‌మైర్ పాఠశాల ప్రారంభమయింది. దాన్ని నడిపిన రే ఫిలిప్స్ అమెరికన్ బోర్డుకు చెందిన మిషనరీ. దరిమిలా జింబాబ్వే నాయకుడైన జాషువా ఎన్‌కోమో అక్కడి విద్యార్థే. విన్నీ మాదికిజేలా (తరువాత మండేలా) అక్కడే చదివి, బారగ్వనాథ్ ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌గా చేరింది. అలెగ్జాండ్రా బస్తీలో పసిపిల్లల మరణాలను గురించి విచారించింది. అవే పనిముట్లు, చేతులు వేరు. ఆ పాఠశాల ఎక్కువ కాలం నిలవలేదు.

మనవాళ్ళకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి. 1936లో బొంబాయిలో టాటాల సోషల్ వర్క్ పాఠశాలను ప్రారంభించిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ కూడా అదే అమెరికన్ బోర్డు మిషనరీ. ఒకే సంస్థ మనుషులు ఐదేళ్ళ తేడాలో రెండు ఖండాల్లో పాఠశాలలు పెట్టారన్నమాట. నేనెరిగిన పాఠ్యపుస్తకాల్లో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవారు కనబడలేదు.

దక్షిణాఫ్రికాలో పుట్టిన జేమ్స్ మిడ్‌గ్లే 1981లో ఒక పుస్తకమే రాశాడు, పాశ్చాత్య నమూనాలను మూడో ప్రపంచంపై రుద్దడం వృత్తిపరమైన సామ్రాజ్యవాదమని. మాట నిజమే. కాని స్థానికమైనదంతా మనదేనని మురిసిపోతే స్టెలెన్‌బాష్ ఆచార్యుణ్ణి ఏం చెయ్యాలి? అతడూ స్థానికమే కదా! అక్కడి విద్వాంసులే ఈ చరిత్రను నిర్మొహమాటంగా రాస్తున్నారు. అందుచేత బయటివాడు రాస్తే నొచ్చుకుంటారన్న జంకు నాకు లేదు.

ఇప్పుడు నా ఉపోద్ఘాతం 1932 నివేదికతో మొదలై, రెండో వాక్యానికే 1941కి వస్తుంది. రిచ్మండ్ నాలుగో పేరాలోకి జరిగింది. హల్ హౌస్‌కు చోటు చాలలేదు. సమీక్షకులు అడిగితే అప్పుడు చూద్దాం.