ఉహూరా

కథానాయకుని గూర్చి వ్రాయువారు పెక్కుమంది కలరు. అతని వెనుక కూర్చున్నవారిని గూర్చి వ్రాయువా రరుదు. 1966 వ సంవత్సరము సెప్టెంబరు 8 వ తేదీని అమెరికాలోని ఎన్.బి.సి. సంస్థ 'స్టార్ ట్రెక్' అను శాస్త్రకల్పన నాటకమును టెలివిజనులో ప్రదర్శింప మొదలిడెను. జీన్ రాడెన్‌బెరి దీనికి సృష్టికర్త. 79 కథలు నడచి, 1969 వ సంవత్సరమున ఇది నిలిచిపోయెను. కథాకాలము ఇరువదిమూడవ శతాబ్ది. 'ఎంటర్‌ప్రైజ్' అను నౌక నక్షత్రముల నడుమ సంచరించుచుండును. నౌకాధిపతి కర్క్, అతని సహచరుడు స్పాక్, వైద్యుడు మెకాయ్, ఈ మువ్వురిదే కథ యంతయు. వీరికి వెనుకగా, ఎఱ్ఱని యుడుపు ధరించి, చెవిలో నొక చిన్న యంత్రమును పెట్టుకొని, వార్తలు పంపు పీఠమున నొక స్త్రీ కూర్చుండును. ఆమె లెఫ్టినెంటు ఉహూరా. ఆమె యన్న మాకు మొదటినుండియు అభిమానము.

స్వాహిలీ భాషలో 'ఉహూరు' అనగా స్వాతంత్ర్యము. ఆ మాటనుండియే యీ పేరు పుట్టినది. పాత్రధారిణి నిషెల్ నికోల్స్ నల్లజాతి స్త్రీ. ఇల్లినాయి రాష్ట్రములో రాబిన్స్ అను ఊర 1932 వ సంవత్సరమున జన్మించినది. డ్యూక్ ఎలింగ్టన్ వాద్యబృందముతో దేశము తిరిగిన గాయని. నల్లవారికి పౌరహక్కులు నిచ్చు శాసనము 1964 లోను, ఓటుహక్కును కాపాడు శాసనము 1965 లోను వచ్చినవి. ఆ కాలపు తెరమీద నల్లజాతి స్త్రీ కనబడినచో తఱచుగా పనికత్తెగనే కనబడెడిది. ఊపీ గోల్డ్‌బర్గ్ అను నటి, బాల్యమున ఉహూరాను చూచి, టెలివిజనులో నల్లని స్త్రీ యున్నది, ఆమె పనికత్తె కాదు అని ఇల్లంతయు కేకలు వేసితినని చెప్పినది. ఒక పిల్ల సంతోషించుటకు ఇంత చాలెను గదా!

నౌకలోనివారు మాత్ర మామె రంగును తలపెట్టనే తలపెట్టరు. 1969 మార్చిలో ప్రదర్శింపబడిన యొక కథలో అబ్రహాం లింకను రూపము నౌకలో ప్రత్యక్షమై, తన కాలపు మాటతో ఆమెను నీగ్రోస్త్రీ యని పిలిచి, వెంటనే నొచ్చుకొని క్షమాపణ వేడును. ఆమె నవ్వి, మా శతాబ్దమున మాటలకు భయపడుట మానుకొంటిమని బదులు చెప్పును. తిట్టుమాటలు దినదినము వినుచున్న ప్రేక్షకుల కామాట ఎట్లు తోచెనో!

అయినను నిజము దాచరాదు. ఆమెకు రచయితలిచ్చిన పని బహుస్వల్పము. పిలుపు వచ్చినదని చెప్పుట, మార్గము తెరచితినని చెప్పుట, పలుమారు లింతే. 1967 వ సంవత్సరపు కథయొకదానిలో నొక యంత్రము ఆమె జ్ఞానమంతయు తుడిచివేయగా, ఆమె పసిపిల్లవలె మరల అక్షరములు నేర్చుకొనవలసివచ్చును. ఆ పిమ్మట దానిని గూర్చి యెవ్వరును మాటాడరు. ఇది మాకు కష్టముగనే యుండును. మఱియొక కథలో ఆమె తన యంత్రమును తానే విప్పి, సన్నని తీగలు కలిపి బాగుచేయుచుండగా, స్పాక్ వచ్చి, ఈ పనికి నీకంటె తగినవారు నాకు తోపరని చెప్పును. ఇట్టివి లెక్కకు కొన్నియే. మత్తెక్కిన సహోద్యోగి కత్తి దూసి, సుందరీ, కన్యా, నిన్ను రక్షించెదనని గంతులు వేయగా, ఆ రెండు మాటలును తనకు చెల్లవని ఆమె త్రోసివేయుట మాత్రము మేమెన్నడును మఱువము.

ఈ స్వల్పత్వము నికోల్సునకే దుస్సహమయ్యెను. మొదటి యేటి కథలు ముగియగానే, నాటకరంగమునకు పోయెదనని ఆమె రాడెన్‌బెరితో చెప్పినది. ఆ వారాంతమున నల్లవారి హక్కుల సంఘము జరిపిన యొక సభలో, అభిమాని యొకడు చూడగోరుచున్నాడని యెవరో చెప్పగా, తిరిగి చూచినంత మార్టిన్ లూథర్ కింగ్ నిలిచియుండెనట. ఆమె రాజీనామా మాట విని ఆయన వలదనెనట. ఆ పాత్రలో మమ్ము మేము ఎట్లు చూడబడవలెనో అట్లే లోకము చూచుచున్నది, నీవు పోయినచో ఆ తలుపు మూయబడునని ఆయన చెప్పినట్లు ఆమె జీవితాంతము చెప్పుచుండెను. సోమవారము తిరిగి వచ్చి ఆమె కొలువు నిలుపుకొన్నది.

కుర్చీలో కూర్చుండుట సంస్కరణమగునా యని యడుగువారు లేకపోలేదు. మేము నడిగికొంటిమి. 1968 నవంబరు 22 న కర్క్ ఉహూరాను ముద్దుపెట్టుకొన్న కథను చరిత్రకారులు గొప్పగా చెప్పుదురు. వర్ణాంతర వివాహమును నిషేధించు శాసనములు, 1967 లో అత్యున్నత న్యాయస్థానము కొట్టివేయువరకు, 16 రాష్ట్రములలో నుండెను గనుక అది సాహసమే. కాని కథలో ఆ ముద్దు వారిష్టముచే జరిగినది కాదు. శత్రువుల మనోబలమునకు లోబడి జరిగినది. దానికంటె ప్రతివారమును ఆ పీఠమున నామె మర్యాదతో కూర్చుండుటయే మాకు పెద్దదిగా తోచును.

ఆ పీఠమును ఆమె తెర వెలుపలికి మోసికొని పోయినది. 1977 వరకు నాసా సంస్థ అంతరిక్షమునకు పంపినవా రందరును తెల్లజాతి పురుషులే. ఆ యేడు నికోల్స్ ఆ సంస్థతో నొడంబడిక చేసికొని, స్త్రీలును నల్లవారును దరఖాస్తు చేయుడని ఊరూర తిరిగి చెప్పినది. 8,000 కు పైగా దరఖాస్తులు వచ్చెను. 1978 లో ఎన్నికైన 35 మందిలో 6 గురు స్త్రీలు, ముగ్గురు నల్లజాతి పురుషులు. వారిలో శాలీ రైడ్, గయన్ బ్లూఫర్డ్ 1983 లో అంతరిక్షమునకు పోయిరి. జూడిత్ రెస్నిక్, రోనాల్డ్ మెక్‌నెయిర్ 1986 జనవరి 28 న ఛాలెంజర్ ప్రమాదమున మరణించిరి. పిలిచినవారి మనస్సున ఆ దినమేమి మిగిలెనో వ్రాయుటకు మాకు చేయి రాదు.

1992 సెప్టెంబరులో మే జెమిసన్, నల్లజాతి స్త్రీలలో మొదటిదిగా, అంతరిక్షమున కేగినది. చిన్ననాడు ఉహూరాను చూచి పెరిగిన ఆమె, నౌకలో తన పనివేళ మొదలైనప్పుడెల్ల ఉహూరా మాటనే పలికెడిది: పిలుపుల మార్గము తెరచితిని. మఱుసటి యేట స్టార్ ట్రెక్ క్రొత్త శ్రేణిలో నొక కథయందు తానును చిన్న వేషము కట్టినది.

నికోల్స్ 2022 జూలై 30 న, 89 వ యేట, కాలధర్మము నొందినది. మూడేండ్ల నాటకములో ఉహూరాకు ఇంటిపేరు దప్ప వేఱొక పేరు ఎవ్వరును పలుకలేదు. 2009 లో మఱియొక నటి ఆ పాత్ర ధరించిన చలనచిత్రమున, 43 ఏండ్లకు, తెరమీద ఆ పేరు వినబడినది. అది న్యోటా. స్వాహిలీలో నక్షత్రమని యర్థము.