శుక్రవారం సేవ: కువైట్‌లో మనవాళ్లకు మనవాళ్లే నిలబడిన చరిత్ర



ప్రతి ఏడాదీ ఈ సంచికలో ఆ ఏడాది చేసిన పనుల లెక్క, ఫోటోలు వేస్తుంటాం. ఈసారి ఆ లెక్కతో పాటు కొంచెం చరిత్ర కూడా రాద్దామనుకున్నాం. కొత్తగా వచ్చిన తమ్ముళ్లు మమ్మల్ని తరచూ ఒక మాట అడుగుతారు: "వారానికి ఒక్క సెలవు. అది కూడా ఆస్పత్రుల చుట్టూ, ఎంబసీ చుట్టూ తిరుగుతారు. మీకేం వస్తది అన్నా?" న్యాయమైన ప్రశ్నే. ఒక్క మాటలో దానికి జవాబు చెప్పలేం. మనకంటే ముందు ఈ ఎడారికొచ్చిన వాళ్లు ఏం చేశారో తెలిస్తే జవాబు దానంతటదే దొరుకుతుంది.

క్లబ్బులు ఎక్కడ పుట్టాయి, మన సేవ ఎక్కడ పుట్టింది

సర్వీస్ క్లబ్ అనగానే మనకు రోటరీ, లయన్స్ గుర్తొస్తాయి. మన ఊళ్లలో కంటి ఆపరేషన్ల శిబిరాలు, బస్టాండు దగ్గర చలివేంద్రాలు పెట్టేది వాళ్లే. రోటరీ 1905లో అమెరికాలోని చికాగోలో పుట్టింది. పాల్ హారిస్ అనే లాయరు, మరి కొందరు కలిసి మొదలుపెట్టారు. ఒక్కొక్కరి ఆఫీసులో వంతులవారీగా కూర్చునేవాళ్లు, అందుకే ఆ పేరు. లయన్స్ క్లబ్బులు కూడా అదే చికాగోలో 1917లో మొదలయ్యాయి. 1925లో హెలెన్ కెల్లర్ వాళ్ల సభకు వెళ్లి, చూపులేని వాళ్లకు అండగా నిలబడమని కోరింది. కంటి శిబిరాలకు మూలం అక్కడుంది.

అవి వ్యాపారస్తులు, ఉద్యోగస్తులు పెట్టుకున్న క్లబ్బులు. జేబులో కొంత మిగులు, చేతిలో కొంత తీరిక ఉన్నవాళ్లవి. వలస పోయిన కూలీవాడి సేవ అట్లా పుట్టలేదు. అతని దగ్గర మిగులూ లేదు, తీరికా లేదు. పక్క మంచం మీద మనిషికి జ్వరమొస్తే చూసేవాడు ఇంకొకడు లేడు కాబట్టి పుట్టింది.

మనకంటే ముందు తరాలదీ ఇదే కథ. కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడెక్కి రంగూన్ పోయిన మనవాళ్లను అక్కడ 'కోరంగీలు' అన్నారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో సమ్మె చేసిన తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి, ఎందరో చనిపోయారు. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు వేలమంది కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. దక్షిణాఫ్రికాలో చెరుకు తోటలకు పోయిన కుటుంబాల పిల్లలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మలయా తోటల్లోని తెలుగువాళ్లు 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. పోయినచోటల్లా మనవాళ్లు సంఘం కట్టుకున్నారు.

అయితే గల్ఫ్‌కు ఒక తేడా ఉంది. మలేషియాలో, దక్షిణాఫ్రికాలో మనవాళ్లు స్థిరపడి ఆ దేశస్తులయ్యారు. ఇక్కడ మనం ఎన్నేళ్లున్నా అకామా మీదే ఉంటాం. ఇల్లు కట్టేది ఊళ్లో, పని చేసేది ఇక్కడ. మూడేళ్లకో పదేళ్లకో మనుషులు మారిపోతుంటారు. నేర్చుకున్న పని ఒకరి నుంచి ఇంకొకరికి అందకపోతే ప్రతిసారీ మొదటికే రావాలి. ఈ వ్యాసం రాయడానికి అది కూడా ఒక కారణం.

1990: కొలువు లేదు, కఫీల్ లేడు

1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అప్పటికి ఇక్కడ లక్షా డెబ్భై వేల మందికి పైగా భారతీయులున్నారు. కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లల్లో పనికొచ్చిన ఆడవాళ్లు, డ్రైవర్లు, మేస్త్రీలు వాళ్లల్లో ఉన్నారు. బ్యాంకులు మూతపడ్డాయి. చేతిలోని దినార్ విలువ పడిపోయింది. యజమానులు ఎందరో దేశం వదిలి పోయారు. చాలామంది పాస్‌పోర్టులు కఫీళ్ల దగ్గరే ఉండిపోయాయి. మన ఎంబసీని బస్రాకు మార్చాల్సి వచ్చింది.

అప్పుడు ఇక్కడి భారతీయులే ఒక కమిటీగా ఏర్పడ్డారు. టొయోటా కంపెనీలో పనిచేసినందుకు 'టొయోటా సన్నీ' అని అందరూ పిలిచే కేరళవాసి మాతుణ్ణి మాథ్యూస్, ఆయనతో పాటు హర్భజన్ సింగ్ వేదీ ముందు నిలబడ్డారు. భారతీయ పాఠశాలలను ఆశ్రయాలుగా మార్చి, గూడు లేనివాళ్లను అక్కడికి చేర్చారు. బియ్యం, పప్పు సంపాదించి వండిపెట్టారు. ఎవరెవరు ఎక్కడున్నారో జాబితాలు రాశారు. బస్సులు మాట్లాడారు.

ఆ బస్సుల ప్రయాణం కువైట్ నుంచి బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్‌లోని అమ్మాన్. వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎడారి, అదీ ఆగస్టు ఎండలో. జోర్డాన్ సరిహద్దు దగ్గర డేరాల్లో రోజుల తరబడి నీళ్ల కోసం, రొట్టె కోసం వరుసల్లో నిలబడ్డారు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు ఆగస్టు 13 నుంచి అక్టోబర్ 11 వరకు, అంటే 59 రోజుల్లో, 488 సార్లు ఎగిరి లక్షా పదకొండు వేల మందికి పైగా జనాన్ని బొంబాయి చేర్చాయి. ఒక పౌర విమాన సంస్థ చేసిన అతి పెద్ద తరలింపుగా అది గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది.

2016లో దీని మీద హిందీలో 'ఎయిర్‌లిఫ్ట్' సినిమా వచ్చింది. అది చూసినవాళ్లు ఒక్క మొనగాడే అంతా చేశాడనుకుంటారు. నిజం అట్లా లేదు. బాగ్దాద్, కువైట్ వచ్చి మాట్లాడిన అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ ఉన్నారు, ఎంబసీల సిబ్బంది ఉన్నారు, పైలట్లు ఉన్నారు. వాళ్లతో పాటు పేరు ఎక్కడా ఎక్కని మనుషులు ఎందరో ఉన్నారు. వంట చేసినవాళ్లు, జాబితా రాసినవాళ్లు, బస్సులో ముసలివాళ్లను చేయిపట్టి ఎక్కించినవాళ్లు. లక్షమంది విమానం ఎక్కాలంటే ముందు ఎవరో కూర్చుని లక్ష పేర్లు రాయాలి. సేవ అంటే మాకు తెలిసిన అర్థం ఇదే.

1991 ఫిబ్రవరి 26న కువైట్ విముక్తమైంది. తర్వాత ఐక్యరాజ్యసమితి పెట్టిన పరిహార కమిషన్, అప్పుడు కువైట్ వదిలి పోవాల్సి వచ్చిన వాళ్లకు నష్టపరిహారం ఇచ్చింది. దేశం వదిలినందుకు ఒక్కొక్కరికి 2,500 డాలర్లు, వేరే రకం క్లెయిములు పెట్టబోమంటే 4,000 డాలర్లు. అయితే కువైట్‌లో ఉన్నట్టు రుజువు చూపాలి. ఒక పాత అకామా కాగితం ఊళ్లో ఒక ఇల్లు నిలబెట్టగలదని అప్పుడు జనానికి అర్థమైంది. కాగితం జెరాక్స్ తీసి ఊరికి పంపండని మేము పదే పదే చెప్పేది ఊరికే కాదు.

క్షమాభిక్ష రోజులు

యుద్ధం ఒకసారి వచ్చి పోయింది. రోజూ ఉండే కష్టం వేరు. కఫీల్ దగ్గర పడలేక బయటికొచ్చినవాళ్లు, జీతాలు ఇవ్వక కంపెనీ మూసేస్తే అకామా పోయినవాళ్లు, వీసా 20 మీదొచ్చి వేరే చోట దొరికిపోయినవాళ్లు ఉంటారు. మన భాషలో 'ఖల్లివెల్లి' అయినవాళ్లు. తండ్రి చనిపోయినా ఊరికి పోలేరు.

కువైట్ ప్రభుత్వం మధ్యమధ్యలో క్షమాభిక్ష ప్రకటిస్తుంది. 2011లో, 2018లో, 2020లో, 2024లో ప్రకటించింది. ఆ రోజుల్లో సేవకుల పని ఏమిటంటే, ముందు నిజమైన తేదీలు జనానికి చెప్పాలి. ఎందుకంటే పుకార్లు వార్తకన్నా ముందు పోతాయి. తర్వాత పాస్‌పోర్టు లేనివాళ్లకు ఔట్‌పాస్ దరఖాస్తులు నింపాలి. తండ్రి పేరు, ఊరు, మండలం, జిల్లా స్పెల్లింగు తప్పు లేకుండా రాయాలి. ఒక్క అక్షరం తేడా వస్తే కాగితం తిరిగొస్తుంది, గడువు దాటిపోతుంది. చదువు రాని అక్కకు ఆ ఫారం నింపి ఇవ్వడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలకు దళారి ఎంత గుంజుతాడో మీకు తెలుసు.

2020 అన్నిటికన్నా కష్టమైంది. ఏప్రిల్ మొదటి వారంలో జలీబ్, మహబూలా ప్రాంతాలను కరోనా వల్ల పూర్తిగా మూసేశారు. మనవాళ్లు ఎక్కువగా ఉండేది అక్కడే. అదే నెలలో క్షమాభిక్ష వచ్చింది, టికెట్ కూడా కువైట్ ప్రభుత్వమే పెట్టుకుంటానంది. జనం మూటలు సర్దుకుని శిబిరాల్లో చేరారు. కానీ మన దేశం విమానాలు ఆపేసింది. మే నెల దాకా శిబిరాల్లో ఎదురుచూపులే. వందే భారత్ కింద మే 9న కువైట్ నుంచి హైదరాబాద్‌కు విమానం పోయింది. ఆ మధ్య రోజుల్లో గదుల్లో చిక్కుకున్నవాళ్లకు బియ్యం, నూనె, షుగరు మాత్రలు, బీపీ మాత్రలు చేర్చినవాళ్లు కూడా పని పోయి, జీతం లేక ఉన్నవాళ్లే.

చివరి ప్రయాణం

సేవలో అన్నిటికంటే బరువైన పని ఇది. మనిషి చనిపోతే ఊళ్లో అయితే చుట్టుపక్కల వాళ్లొస్తారు, గంటలో పాడె సిద్ధమవుతుంది. ఇక్కడ మరణానికి కూడా కాగితాలు కావాలి. ఆస్పత్రి రిపోర్టు, ఆరోగ్య శాఖ ఇచ్చే మరణ ధ్రువపత్రం, పోలీసుల అనుమతి, ఇంటి నుంచి సమ్మతి లేఖ, ఎంబసీలో పాస్‌పోర్టు రద్దు, ఎంబామింగ్ సర్టిఫికెట్, తర్వాత కార్గో బుకింగు. ప్రమాదమో, ఆత్మహత్యో అయితే కేసు తేలేదాకా ఇంకా ఆలస్యం.

శవపేటిక పంపే ఖర్చు మామూలుగా కఫీల్ గానీ కంపెనీ గానీ పెట్టుకోవాలి. వాళ్లు ముందుకు రానప్పుడు, 2009లో మన ప్రభుత్వం పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి ఎంబసీ సాయం చేస్తుంది. ఈ సంగతి తెలియక గదుల్లో చందాలు ఎత్తిన సందర్భాలున్నాయి. తెలిసినవాడు ఒక్కడు పక్కనుంటే ఆ ఇంటికి అప్పు తప్పుతుంది.

2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనంలో నిప్పంటుకుని 50 మంది దాకా చనిపోయారు. ఎక్కువమంది కేరళవాళ్లు. ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. కొందరిని డీఎన్‌ఏ పరీక్షతో గుర్తుపట్టాల్సి వచ్చింది. 45 మంది భౌతికకాయాలు జూన్ 14న వాయుసేన విమానంలో కొచ్చి చేరాయి. ఆ రెండు రోజులూ ఆస్పత్రుల దగ్గర మలయాళీ, తమిళ, తెలుగు, హిందీ సంఘాల మనుషులు ఒకే వరుసలో నిలబడ్డారు. ఎవరి భాష వాళ్లది, వెతికే పేరు మాత్రం ఎవరిదైనా ఒకటే బాధ.

చట్టం గీసిన గీత

సేవ చేస్తామని ఉత్సాహం ఉంటే చాలదు, హద్దు తెలిసుండాలి. ఈ దేశంలో అనుమతి లేకుండా విరాళాలు వసూలు చేయడం చట్టవిరుద్ధం. వాట్సాప్‌లో అకౌంటు నంబరు పెట్టి డబ్బులడగడం కూడా ప్రమాదమే. పారిపోయి వచ్చిన మనిషిని గదిలో దాచడం ఇంకా ప్రమాదం. అటువంటి అక్క ఎవరైనా వస్తే నేరుగా ఎంబసీకి తీసుకుపోవాలి, అక్కడ ఆశ్రయం ఉంది.

చట్టంలో మనకు పనికొచ్చేవీ ఉన్నాయి. ఇంటిపనివాళ్ల కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని వద్దని, వారానికి ఒక సెలవు ఉండాలని, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదని, పని చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం చివర్లో ఇవ్వాలని అందులో ఉంది. 2016లో కనీస జీతం 60 దినార్లుగా పెట్టారు. బయట పనిచేసేవాళ్లకు జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 గంటల దాకా ఎండలో పని నిషేధం. ఈ నాలుగు ముక్కలు ఇంకొకరికి చెప్పడం కూడా సేవే. దానికి డబ్బు అక్కర్లేదు, అనుమతీ అక్కర్లేదు.

ఈ ఏడాదికి మా కోరిక

పైన చెప్పినవన్నీ చేసింది పెద్ద మనుషులు కాదు. డ్రైవర్లు, వంటవాళ్లు, ఏసీ మెకానిక్‌లు, బకాలాల్లో పనిచేసేవాళ్లు. డబ్బున్న క్లబ్బు చెక్కు రాస్తుంది. మన దగ్గర ఉన్నది శుక్రవారం పూట రెండు గంటలు, రెండు భాషలు, ఒంట్లో కాస్త రక్తం. జాబ్రియాలోని బ్లడ్ బ్యాంకుకు ఆ రక్తం కావాలి. ఎంబసీ కౌంటర్ దగ్గర నిలబడ్డ అక్కకు ఆ రెండు భాషలు కావాలి.

కాబట్టి మూడు పనులు చేయండి. మీ పాస్‌పోర్టు, బతాకా, వీసా, బీమా కాగితాల ఫోటోలు ఊళ్లో ఒక నమ్మకమైన మనిషికి పంపి ఉంచండి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు. ఆ పాలసీ కాగితం ఇంట్లోవాళ్లకు చూపించండి. తెలంగాణవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు ఇస్తుంది. రెండోది, మీ గదిలోకి కొత్తగా వచ్చినవాడికి ఎంబసీ ఎక్కడుందో, ఫిర్యాదు ఎట్లా పెట్టాలో మొదటి వారంలోనే చెప్పండి. మూడోది, నెలకు ఒక్క శుక్రవారం మాతో రండి.

"మీకేం వస్తది?" అని అడిగిన తమ్ముడికి మా జవాబు ఇదే: 1990లో బస్సు జాబితాలో పేరు రాసినవాడికి ఏం వచ్చిందో మాకూ అదే వస్తుంది. ఒక మనిషి ఇల్లు చేరాడు. రేపు మన వంతు వచ్చినప్పుడు, మన పేరు రాసేవాడు ఒకడు ఉండాలి. ఆ ఒకడు మీలోంచే రావాలి.