తుప్పు, చిలుము, చరిత్ర: డిజిటల్ నమూనాల్లో లోహపు పైపొర

ఇత్తడి చెంబును చింతపండుతో తోముతున్న అమ్మమ్మను దాని మీద పట్టింది ఏమిటని అడగండి. చిలుము అంటుంది. పెరట్లో మూల పడి ఉన్న పారకు పట్టింది ఏమిటని అడగండి. తుప్పు అంటుంది. ఈ రెండు మాటలను ఆమె ఎన్నడూ కలిపేయదు. ఇనుముకు పట్టేది తుప్పు. రాగికీ, ఇత్తడికీ, కంచుకూ పట్టేది చిలుము. ఈ యూనిట్‌లో మనం చర్చించబోయే విషయానికి మూలం ఈ తేడాయే.

శాసనాలు, నాణేలు, రాగి రేకులు చరిత్ర రచనకు ఆధారాలని మీరు ఇంతకుముందే చదివారు. ఇప్పుడు అటువంటి వస్తువులను చాలామంది మొదట చూస్తున్నది మ్యూజియంలో కాదు, తెర మీద. కంప్యూటర్‌లో మూడు కొలతలతో తయారైన నమూనాను వేలితో తిప్పి చూస్తున్నారు. దూరవిద్య విద్యార్థులైన మీకు ఇది గొప్ప సౌకర్యం. అయితే ఆ నమూనా మీద కనిపించే పాతదనం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ వస్తువుదేనా, మరో వస్తువు నుంచి తెచ్చి అతికించిందా? చరిత్ర విద్యార్థి వేయవలసిన మొదటి ప్రశ్న ఇది.

ముందు ఈ పద్ధతి ఎలా పుట్టిందో చూద్దాం. కంప్యూటర్‌లో వస్తువు ఆకారాన్ని గీయడం ఒక పని, దాని పైపొరను చూపడం మరో పని. 1974లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ కాట్మల్ తన డాక్టరేట్ పరిశోధనలో, ఒక చదునైన బొమ్మను వంపు తిరిగిన ఆకారం మీద పరిచే మార్గం చూపాడు. గోడకు రంగు కాగితం అంటించినట్లు అనుకోండి. దీన్నే టెక్స్చర్ మ్యాపింగ్ అంటారు. 1978లో జేమ్స్ బ్లిన్, ఆకారాన్ని మార్చకుండానే ఉపరితలం గరుకుగా, ముడతలుగా కనిపించేలా వెలుగునీడలను మార్చే ఉపాయం కనిపెట్టాడు. దాని పేరు బంప్ మ్యాపింగ్. తుప్పు పొలుసులు, సుత్తి దెబ్బల గుంటలు తెర మీద చూపడానికి ఇది దారి తీసింది.

అయినా లోహం లోహంలా కనిపించలేదు. ఆనాటి బొమ్మల్లో ప్రతి వస్తువూ ప్లాస్టిక్‌తో చేసినట్లుండేది. ఎందుకో రాబర్ట్ కుక్, కెన్నెత్ టోరెన్స్ 1980ల తొలినాళ్లలో వివరించారు. ప్లాస్టిక్ మీద పడే మెరుపు దీపం రంగులో ఉంటుంది. రాగి, బంగారం వంటి లోహాల మీద మెరుపు ఆ లోహపు రంగును పులుముకుంటుంది. ఒకే ఆకారం గల పాత్రను రాగి రంగు ప్లాస్టిక్‌గానూ, అసలైన రాగిగానూ చూపి వారు ఈ తేడాను కళ్లకు కట్టారు.

మిగిలింది వయసు. కంప్యూటర్ బొమ్మలన్నీ అప్పుడే అచ్చులోంచి తీసినంత నున్నగా ఉండేవి. 1982లో విడుదలైన ‘ట్రాన్’ చిత్రానికి పనిచేసిన కెన్ పెర్లిన్‌కు ఆ యాంత్రికమైన నునుపు నచ్చలేదు. ప్రకృతిలో కనిపించే క్రమం లేని మచ్చలను గణితంతో పుట్టించే పద్ధతిని రూపొందించి, 1985లో ప్రచురించాడు. నేటికీ తెర మీద కనిపించే తుప్పు మరకల్లో చాలా వాటి వెనుక ఆ గణితం ఉంది. 1996లో జూలీ డోర్సీ, పాట్ హాన్రహాన్ ఇంకో అడుగు వేశారు. వారు చిలుమును అంటించిన బొమ్మగా కాక, పొర మీద పొరగా పెరిగేదిగా, అరిగేదిగా, రుద్దితే మెరిసేదిగా చూపారు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో చరిత్రకారుడికి దగ్గరగా ఆలోచించినది వారే. పైపొర అంటే కాలక్రమం అని వారు గుర్తించారు.

దీనికి న్యూయార్క్‌లోని స్వేచ్ఛా విగ్రహం మంచి ఉదాహరణ. అందరికీ తెలిసినది లేత ఆకుపచ్చ విగ్రహం. 1886లో ప్రతిష్ఠించినప్పుడు మాత్రం అది రాగి రంగులో ఉంది. క్రమంగా గోధుమ రంగుకు తిరిగి, 1920 నాటికి పూర్తిగా పచ్చబడింది. 1906లో అధికారులు దానికి రంగు వేయించాలనుకుంటే ప్రజలు అభ్యంతరం చెప్పారు. పరిశీలించి చూస్తే ఆ పచ్చని పొరే కింది రాగిని కాపాడుతోందని తేలింది. కాబట్టి 1886 నాటి వేడుకను చూపే నమూనాలో పచ్చని విగ్రహం నిలబెడితే, శాసనానికి తప్పు తేదీ వేసినట్లే.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఢిల్లీలో కుతుబ్ మీనార్ ఆవరణలోని ఇనుప స్తంభం దాదాపు 7.2 మీటర్ల పొడవు, 6 టన్నులకు పైగా బరువు. దాని మీది సంస్కృత శాసనంలోని ‘చంద్ర’ అనే రాజు రెండో చంద్రగుప్తుడని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. పదహారు వందల ఏళ్లుగా నిలిచినా ఇది తుప్పుకు తినివేయబడలేదు. కాన్పూర్ ఐఐటీకి చెందిన ఆర్. బాలసుబ్రమణియం దీన్ని లోతుగా పరిశోధించారు. ఆనాటి ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండటం వల్ల ఉపరితలం మీద పలుచని రక్షణ పొర ఏర్పడిందని వివరించారు. ఇక్కడ తుప్పు పొరే తుప్పును ఆపింది. ఆ పొరలో ప్రాచీన కమ్మరులు ఇనుము తీసిన విధానం దాగి ఉంది.

స్తంభానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి చాచి వేళ్లు కలపగలిగితే అదృష్టమనే నమ్మకం చాలాకాలం సాగింది. అందువల్ల మనిషి చేతికి అందే ఎత్తులో ఇనుము రాపిడికి నునుపు తేలింది. 1997లో చుట్టూ కంచె వేసింది ఇందుకే. ఇంకా పైన ఒక గుంట ఉంది. అది ఫిరంగి గుండు దెబ్బ అని, 1739 నాటి నాదిర్‌షా దండయాత్ర కాలానిదని చెబుతారు. లోహశాస్త్రం, జనవిశ్వాసం, యుద్ధం మూడూ ఒకే ఉపరితలం మీద ఉన్నాయి.

ఇటువంటి స్తంభానికి ఎవరైనా సిద్ధంగా దొరికే తుప్పు టెక్స్చర్‌ను తొడిగారనుకోండి. నేటి సాఫ్ట్‌వేర్లలో అంచులను తమంతట తామే అరగదీసి, సందుల్లో మురికి నింపే ఏర్పాటు ఉంది. ఎక్కువ వస్తువుల విషయంలో అది నమ్మదగినదిగానే కనిపిస్తుంది. కానీ ఈ స్తంభం అరిగింది అంచుల దగ్గర కాదు, మనుషులు వాటేసుకున్న చోట. ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఫలితంగా చూడముచ్చటైన స్తంభం వస్తుంది. లక్షల మంది యాత్రికులు అందులోంచి మాయమవుతారు.

బిద్రీ కళాఖండాల విషయంలో ఇబ్బంది మరో రకం. బీదర్‌లోనూ హైదరాబాద్‌లోనూ తయారయ్యే ఈ వస్తువుల్లో ప్రధాన లోహం జింకు, దానికి కొద్దిగా రాగి కలుపుతారు. వెండి తీగ పొదిగాక, బీదర్ కోట మట్టిని అమ్మోనియం క్లోరైడ్‌తో కలిపి పట్టిస్తే ఒళ్లంతా నల్లబడుతుంది, వెండి తెల్లగా నిలుస్తుంది. ఆ నలుపు వయసు వల్ల వచ్చింది కాదు, పనివాడి చేతిలో పుట్టింది. దాన్ని మురికిగా భావించి తెర మీద తుడిచేస్తే పనివాడి నైపుణ్యాన్నే తుడిచేసినట్లవుతుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక ప్రదర్శన కోసం చేసిన కంచు ఫిరంగి నమూనాను చూసి అభిప్రాయం చెప్పమన్నారు. మొదటి చూపులో చాలా బాగుందనే అన్నాను. ఇంటికి వచ్చాక గానీ నాకు తట్టలేదు, దాని ఒళ్లంతా ఎర్రటి తుప్పు పొలుసులున్నాయని. కంచుకు తుప్పేమిటి? మర్నాడు అడిగితే ఆ కుర్రవాడు, “పాతదనం కనపడాలి కదా సార్” అన్నాడు. అది ఏదో ఓడ పక్క రేకు ఫోటో అట. అతన్ని తప్పుపట్టలేకపోయాను. వయసు మళ్లిన చరిత్ర ఆచార్యుడే పోల్చుకోలేకపోయాడు!

మెరుపు, గరుకుదనం, లోహమా కాదా అనే గుణాలను విడివిడిగా చెప్పే పద్ధతి 2012లో డిస్నీ సంస్థకు చెందిన బ్రెంట్ బర్లీ వివరించాక విస్తృతంగా వ్యాపించింది. దాని ప్రకారం చూసినా తుప్పు లోహం కాదు. తుప్పు పట్టినచోట ఉపరితలం మట్టిలా, రాయిలా వెలుగును చెదరగొడుతుంది. లోహంలా మెరిసే ఎర్రటి తుప్పు తెర మీద కనిపిస్తే అనుమానించండి.

పైపొరను ఊహించి వేయడానికి బదులు కొలిచి తీసుకుంటే ఏమవుతుందో గ్రీసులోని ఆంటికిథెరా యంత్రం చూపింది. సముద్రంలో మునిగిన ఓడ నుంచి 1901లో బయటపడిన ఈ కంచు పళ్లచక్రాల యంత్రం 82 ముక్కలుగా, గడ్డకట్టిన చిలుముతో మిగిలింది. 2005లో ఏథెన్స్ మ్యూజియంలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం కెమెరాను కదపకుండా, వెలుగు దిశను మాత్రం మారుస్తూ ఆ ముక్కల ఫోటోలు తీసింది. తరువాత కంప్యూటర్‌లో వెలుగును కోరిన వైపుకు తిప్పితే, కంటికి ఆనని అక్షరాలు తేలాయి. దీనికి ఎక్స్-రే పరీక్ష తోడైంది. 2006లో ఫలితాలు వెలువడేసరికి, చదవగలిగిన పాఠం అంతకు ముందుకన్నా రెట్టింపయింది. ఇక్కడ టెక్స్చర్ అలంకారం కాదు, ఆధారం.

అదే 2006లో వెలువడిన లండన్ చార్టర్, వారసత్వ సంపదను కంప్యూటర్‌లో చూపేవారికి ఒక నియమం పెట్టింది. చూపుతున్నది ఉన్న స్థితినా, ఆధారాలతో చేసిన పునర్నిర్మాణమా, ఊహా అన్నది చూసేవారికి స్పష్టం కావాలి. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో రాసి ఉంచాలి. మన పుస్తకాల్లో అడుగున ఇచ్చే సూచికల వంటిదే ఇది.

అభ్యాసం: మీ ఊరి గుడి గంటనో, ధ్వజస్తంభపు రేకునో, పాత తలుపు గొళ్లాన్నో ఎంచుకోండి. ఫోన్‌ను ఒకేచోట నిలిపి, టార్చిలైటును ఎడమ, కుడి, పై వైపుల నుంచి వేస్తూ మూడు ఫోటోలు తీయండి. ఎక్కడ చేతుల రాపిడికి మెరిసింది, ఎక్కడ చిలుము లేదా తుప్పు పట్టింది, ఎక్కడ దెబ్బ తగిలింది అనేవి గుర్తించి ఒక పుటలో రాయండి. ఆ వస్తువు గురించి ఊళ్లో పెద్దవారిని అడిగి, వారు చెప్పింది వేరుగా రాయండి. ఫోటో తీసే ముందు దాన్ని తోమవద్దు.