బక్కపల్చని ఒంట్లో చక్కెర

షుగర్ అనగానే మనకు బొజ్జ, కూర్చుని చేసే ఉద్యోగం, స్వీట్లు గుర్తొస్తాయి. పూట గడవడానికి కూలికి వెళ్లే బక్కపల్చని మనిషికి కూడా షుగర్ వస్తుందంటే చాలామంది నమ్మరు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ప్రాంతం ఆ నిజాన్ని కళ్లకు కడుతుంది.

బిలాస్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఎదిగించిన పట్టణమిది. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు ఛత్తీస్‌గఢ్ మరింత దగ్గరైంది. రైల్వే కొలువులకు వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే కేంద్రం. రైల్వే కాలనీలో ఉండేవారికి సొంత ఆసుపత్రి ఉంది, పరీక్షలున్నాయి, నెలనెలా మందులున్నాయి.

పట్టణం దాటి కొంత దూరం వెళ్తే గనియారి. 1990ల చివర్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన డాక్టర్లు కొందరు అక్కడ ‘జన్ స్వాస్థ్య సహయోగ్’ పేరుతో పేదల కోసం వైద్యం మొదలుపెట్టారు. వారి దగ్గరికి వచ్చే షుగర్ రోగుల్లో ఎముకలు తేలిన గ్రామీణ పేదలూ ఉన్నారు. ‘తిండి తగ్గించు, బరువు తగ్గించు’ అన్న సలహా వాళ్లకెలా సరిపోతుంది?

ఈ తేడాను మన పూర్వులు గుర్తించారు. ప్రమేహ (మధుమేహం వంటి జబ్బు) రోగుల్లో లావుగా ఉన్నవారికి శోధన (ఒంటిని శుద్ధి చేసే చికిత్స) చేయాలని, చిక్కినవారికి బలమిచ్చే ఆహారం పెట్టాలని చరక సంహిత విడదీసి చెప్పింది. ఇన్సులిన్ రాకముందు అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ పద్ధతి వేరు: రోగిని దాదాపు పస్తులుంచడమే వైద్యం. పిల్లల ప్రాణాలు కొన్నాళ్లు నిలిచేవి గానీ ఒళ్లు అస్థిపంజరమయ్యేది. 1922 జనవరి 11న టొరంటోలో తొలి ఇన్సులిన్ సూది వేయించుకున్న లియోనార్డ్ థాంప్సన్‌కు 14 ఏళ్లు. బరువు 30 కిలోలైనా లేదు. మందును మరింత శుద్ధి చేసి అదే నెల 23న మళ్లీ ఇచ్చాక అతడు కోలుకున్నాడు.

1950ల్లో సల్ఫోనైల్‌యూరియా మాత్రలు వచ్చాయి. ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ 1957లో మెట్‌ఫార్మిన్ ఫలితాలు ప్రకటించారు. 1982లో బ్యాక్టీరియాతో తయారైన మానవ ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి దొరికింది. మందులు పెరిగాయి గానీ, చిక్కిన పేదవాడి షుగర్ మాత్రం లెక్కలో నిలవలేదు. 1955లో ఫిలిప్ హ్యూ-జోన్స్ జమైకాలో దాన్ని గుర్తించారు. పోషకాహార లోపంతో వచ్చే మధుమేహాన్ని 1985లో ప్రత్యేక రకంగా చేర్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆధారాలు చాలవంటూ 1999లో తొలగించింది.

2022లో వెల్లూరు సీఎంసీ డాక్టర్ నిహాల్ థామస్, అమెరికాకు చెందిన మెరెడిత్ హాకిన్స్ బృందం చేసిన అధ్యయనం ఈ రకాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. ఈ రోగుల్లో ఇన్సులిన్ ఊరడమే బాగా తక్కువని, ఇది టైప్ 1, టైప్ 2 రకాలకు భిన్నమని వారు చూపారు. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దీన్ని ‘టైప్ 5’గా గుర్తించింది.

పేరు దొరకడం రోగికి చిన్న మేలు కాదు. టైప్ 1 అనుకుని ఇన్సులిన్ ఎక్కువ ఇస్తే, కడుపు నిండని మనిషికి చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే తక్కువ మోతాదు మందుతో పాటు మాంసకృత్తులున్న తిండి కూడా వైద్యంలో భాగం కావాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్‌ను తడి ఇసుక పోసిన మట్టికుండలో చల్లగా దాచుకోవడం నేర్పాలి.

బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగికీ, గనియారికి వచ్చే కూలీకీ జబ్బు పేరొక్కటే. ఒకరికి బరువు తగ్గాలి, మరొకరికి బరువు పెరగాలి. చీటీ రాసే ముందు రోగి బరువు చూడాలి, ఇంట్లో ఏం వండుకుంటున్నారో అడగాలి. రేషన్ బియ్యంతో పాటు పప్పు, గుడ్డు, నూనె అందించడం షుగర్ వైద్యంలో భాగమని ప్రభుత్వాలు ఒప్పుకోవాలి. నూరేళ్ల క్రితం పుట్టిన ఇన్సులిన్ పేదవాడికి పూర్తిగా అక్కరకొచ్చేది అప్పుడే.