హాలి రూపాయి మీది చార్మినారు



మా సదాశివనగరము నేడు కామారెడ్డి జిల్లాలో నున్నను, నిజాముల కాలమున నిజామాబాదు జిల్లాలోనిది. ఆనాడు ఇచ్చట శిస్తు కట్టినను, ఎడ్లను కొన్నను చేత మెదలినది హాలి సిక్కా. ఆ వెండి రూపాయి మీది బొమ్మను గూర్చి నేడు కొంత విన్నవించెదను.

హాలి యనగా ప్రస్తుతము చెల్లునది యని యర్థము. నిజాముల నాణెములపై చిరకాలము ఢిల్లీ పాదుషా పేరే యుండెను. 1857 తిరుగుబాటు పిమ్మట పాదుషాయే లేకపోగా, ఆ స్థానమున ఆసఫ్‌జా నిజామ్-ఉల్-ముల్క్ అను పేరు వచ్చినది. కాని యదియు పారసీ వ్రాతయే. పల్లె రైతులలో దానిని చదువగలవారు బహు కొద్దిమంది.

1903 ప్రాంతమున, ఆఱవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాన్ ఏలుబడిలో, యంత్రముపై ముద్రించిన రూపాయిమీద చార్మినారు బొమ్మ వెలసినది. చదువురాని వానికిని అది తెలిసిన గుర్తు. ఆ కట్టడపు నడిమి వాకిట నొక చిన్న యక్షరము గలదు. అది "మీమ్", మహబూబు పేరిలోని మొదటి యక్షరము. 1911లో ఆయన గతించి మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దె నెక్కగా, "మీమ్" పోయి "ఐన్" వచ్చినది. తొలుత ముద్రించిన కొన్నిటిలో ఐన్ సగమే కానవచ్చును. పిదప నిండు రూపము వచ్చినది.

ఇందు నాకు తోచిన విశేష మొకటి. చార్మినారును కట్టించినవారు నిజాములు కారు. 1591లో కట్టించినవాడు గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా. తమకు పూర్వ మేలిన వంశపు కట్టడమునే నిజాములు తమ నాణెమున కెక్కించి, దాని వాకిట తా మొక యక్షరమై నిలిచిరి. రాజు మారిన నక్షరము మారెను, కట్టడము మారలేదు.

మన పెద్దలు బొమ్మను చూచి తూకమును మఱువలేదు. ఏడు హాలి రూపాయలకు ఆరు కల్దారు రూపాయలని వారి లెక్క. హాలి రూపాయి సుమారు 11.2 గ్రాములు, అందు వెండి నూటికి 82 పాళ్లు. 1940కి ముందటి కల్దారు 11.66 గ్రాములు, వెండి నూటికి దాదాపు 92 పాళ్లు. గుణించి చూడుడు: ఆ యేడింటను, ఈ యారింటను గల వెండి ఇంచుమించు 64 గ్రాములే!

1948లో హైదరాబాదు భారతదేశమున చేరినది. 1950 నుండి భారత రూపాయియు ఇచ్చట నడిచినది. 1959తో హాలి చెల్లుబడి ముగిసినది. వాకిటి యక్షరము పోయినను చార్మినారు పోలేదు. 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నమున, కాకతీయ తోరణము నడుమ నదియే నిలిచినది.

మీ యింటి పెట్టెలో హాలి రూపాయి యున్నచో, పట్టీలకై కంసాలి కొలిమి కంపకుడు. ముందుగా మనుమలను పిలిచి ఆ వాకిటి యక్షరమును చూపుడు. కరిగిన వెండి మరల దొరకును. ఆ యక్షరము దొరకదు.