లోహములు - మూర్ఛలు

మూర్ఛ వచ్చి పడిపోయినవారి చేతిలో తాళపు చెవుల గుత్తి నుంచుట మన యూళ్లలో తరతరముల అలవాటు. ఇనుము తగిలిన మూర్ఛ విడుచునని నమ్మకము. నిజమునకు మూర్ఛ చాలవరకు రెండు మూడు నిమిషములలో తనంత తానే తగ్గును. ఆ కీర్తి మాత్రము తాళపు చెవులకు దక్కినది. చేత బట్టిన లోహమునకు లేని శక్తి ఒంటిలో చేరిన లోహమునకు కలదు.

ఈ సంగతి పాతదే. సీసపు పనివారికి కలుగు మెదడు వ్యాధిని, అందలి మూర్ఛలను ఫ్రెంచి వైద్యుడు టాంకరెల్ 1839లోనే వివరించెను. నరముల నడుమ వార్తలు నడుపుటకు సున్నపు ధాతువగు కాల్షియము కావలెను. సీసము దాని వేషము ధరించి, దాని స్థానమున జొరబడి, ఆ పనిని చెరచును. పిల్లల మెదడున కిది మరింత కీడు. ఇక సోడియము, కాల్షియము, మెగ్నీషియము మనకు ప్రాణాధారములే. అవి మితిమీరి తగ్గినను మూర్ఛలు వచ్చును.

2020 డిసెంబరు 5వ తేదీనాటికి ఏలూరిలో పిల్లలు, పెద్దలు ఉన్నవారున్నట్లు మూర్ఛిల్లసాగిరి. కృష్ణా గోదావరీ కాలువల నీరు రెండును అందుకొను ఆ పట్టణము అప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణము. కొలది దినములలో 500 మందికి పైగా ఆసుపత్రులకు చేరిరి. ఒకరు మరణించిరి, తక్కినవారిలో అత్యధికులు త్వరగనే కోలుకొనిరి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పరీక్షించిన రక్తములో సీసము, నికెలు కానవచ్చెను. ఊరంతయు సీసమునే నిందించెను.

కాని ఇచట మనము నిదానింపవలెను. రక్తములోని సీసము సగమునకు తగ్గుటకే నెల దినములు పట్టును. ఎముకలలో చేరినది ఏండ్ల తరబడి నిలుచును. పూటలో వచ్చి పూటలో పోయిన మూర్ఛకు అది యొక్కటే కారణమనుట పొసగదు. డిసెంబరు 16న నిపుణుల నివేదికలను సమీక్షించిన రాష్ట్ర ప్రభుత్వము, పురుగుమందుల అవశేషములే ప్రధాన కారణము కావచ్చునని తెలిపెను.

అట్లని సీసము నిర్దోషి కాదు. సీసము కలిపిన పెట్రోలు మన దేశమున 2000లో నిలిచిపోయినను, పాత రంగులు, కరగించు బ్యాటరీలు, కల్తీ పసుపు ఇంకను మిగిలియున్నవి. కూరగాయలను బాగుగా కడుగుదము; బ్యాటరీలు కరగించు తావులకు పిల్లలను పోనీయకుందము. మూర్ఛ వచ్చినవారిని ప్రక్కకు ఒత్తిగిల జేసి, నోట నేమియు పెట్టక, అయిదు నిమిషములు మించిన వెంటనే ఆసుపత్రికి చేర్పుదము. తాళపు చెవులు బొడ్డుననే యుండనిండు.